బ్రిటన్‌లో మాస్టర్స్‌లో చేరారా? ఇబ్బంది ఉంటే అక్టోబరులోనే చెప్పండి

సెప్టెంబరులో బ్రిటన్‌లో దిగే మన పిల్లలకు ఇల్లు వెతకడం గురించి, బ్యాంకు ఖాతా గురించి, బియ్యం ఎక్కడ దొరుకుతాయో చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. విశ్వవిద్యాలయంతో ఎలా వ్యవహరించాలో చెప్పేవాళ్లే తక్కువ. ఏడాది మాస్టర్స్‌లో తరగతులు జరిగేది సాధారణంగా రెండు సెమిస్టర్లు. ఆ తర్వాత వేసవంతా డిసర్టేషన్, అంటే సొంతంగా పరిశోధించి రాసే పెద్ద వ్యాసం. అర్థంకాని పాఠాన్ని, జవాబివ్వని ట్యూటర్‌ను డిసెంబరు దాకా ఓర్చుకుంటే తరగతుల్లో సగం అయిపోయినట్టే. లక్షలు అప్పు చేసి వచ్చిన చదువు అలా జారిపోవడం చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. అందుకే కొత్తవాళ్లందరికీ ముందుగా చెప్పేది ఇదే: ఇబ్బంది ఉంటే అక్టోబరులోనే చెప్పండి, రాతపూర్వకంగా చెప్పండి.

బయలుదేరే ముందు కన్సల్టెన్సీలో మీకు విద్యార్థుల సంతృప్తి శాతాలు చూపించి ఉండవచ్చు. అవి ఎక్కువగా నేషనల్ స్టూడెంట్ సర్వే నుంచి తీసుకున్నవి. 2005లో మొదలైన ఆ సర్వేలో అభిప్రాయం చెప్పేది డిగ్రీ చివరి ఏడాది విద్యార్థులు. మాస్టర్స్ వాళ్లను అందులో అడగరు. పైగా 2023 నుంచి ఇంగ్లండ్‌లో 'మొత్తం మీద సంతృప్తిగా ఉన్నారా' అన్న ప్రశ్ననే తీసేశారు. మాస్టర్స్ విద్యార్థుల కోసం అడ్వాన్స్ హెచ్‌ఈ అనే సంస్థ నిర్వహించే సర్వే వేరే ఉంది. దానిపై దేశవ్యాప్త నివేదిక వెలువడుతుంది గానీ, ఏ విశ్వవిద్యాలయానికి ఎన్ని మార్కులు వచ్చాయో బయటపెట్టరు. కాబట్టి ఆ శాతాలు చూసి మీ కోర్సు ఇలా ఉంటుందని లెక్కవేసుకోకండి. నిరుడు అదే కోర్సు చదివినవాళ్ల మాట అంతకన్నా నమ్మదగినది.

డబ్బు సంగతి కూడా తెలిసి ఉండాలి. ఇంగ్లండ్‌లో స్థానిక డిగ్రీ విద్యార్థుల ఫీజును ప్రభుత్వం 2017 నుంచి 2025 దాకా 9,250 పౌండ్ల దగ్గరే ఆపేసింది, 2025లో 9,535కు పెంచింది. విదేశీ విద్యార్థుల ఫీజుకు అలాంటి పరిమితి లేదు. అందుకే చాలా విశ్వవిద్యాలయాలు మనలాంటివాళ్ల ఫీజులపై ఆధారపడ్డాయి. 2030 నాటికి ఆరు లక్షలమంది విదేశీ విద్యార్థులు ఉండాలని ప్రభుత్వం 2019లో పెట్టుకున్న లక్ష్యం 2020-21లోనే నెరవేరింది. విద్యార్థులు పెరిగినంత వేగంగా అన్నిచోట్లా అధ్యాపకులు, ల్యాబులు పెరగలేదు. వందమందికి మించి కూర్చునే మాస్టర్స్ తరగతులు ఉన్నాయి. అంతమందిలో మీరు మౌనంగా ఉంటే అంతా బాగానే ఉందనుకుంటారు.

మన దగ్గర లెక్చరర్ మీద ఏమైనా అంటే ఇంటర్నల్ మార్కులు పోతాయన్న భయం ఉంటుంది. ఇక్కడ ఆ భయం పెట్టుకోనవసరం లేదు. చాలాచోట్ల జవాబు పత్రం మీద పేరు ఉండదు, నంబరు మాత్రమే ఉంటుంది. మూల్యాంకనం సరిగా జరిగిందో లేదో చూడటానికి వేరే విశ్వవిద్యాలయం నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వస్తారు. మొదటి వారాల్లోనే ప్రతి కోర్సుకూ విద్యార్థి ప్రతినిధిని ఎన్నుకుంటారు. వీలైతే మీరే నిలబడండి. లేకపోతే ఆ ప్రతినిధి ఎవరో తెలుసుకుని ఫోను నంబరు తీసుకోండి. వాళ్లు అధ్యాపకులతో జరిగే సమావేశంలో మన మాట వినిపిస్తారు. ఏం అడిగారు, ఎవరు ఎప్పటిలోగా చేయాలి అన్నది అక్కడ నమోదవుతుంది.

అడిగే తీరులోనే ఫలితం ఉంది. 'టీచింగ్ బాగోలేదు' అంటే ఎవరూ ఏమీ చేయలేరు. 'మూడో వారం ల్యాబ్‌లో నలభైమందికి ఒక్కరే సహాయకులు ఉన్నారు. నా వంతు వచ్చేసరికి సమయం అయిపోయింది. వచ్చే వారం నుంచి ఇంకొకరిని కేటాయించగలరా?' అని రాస్తే కోర్సు డైరెక్టర్ జవాబు చెప్పక తప్పదు. తేదీ, మాడ్యూల్ (కోర్సులోని సబ్జెక్టు) పేరు, జరిగినది, మీకు కావలసినది: ఈ నాలుగూ ఉంటే చాలు. పొగడ్తలు, క్షమాపణలు అక్కర్లేదు.

మార్కుల విషయంలో మొదట్లో కంగారుపడతారు. మాస్టర్స్‌లో సాధారణంగా 50 వస్తే పాస్, 60కి మెరిట్, 70కి డిస్టింక్షన్. ఇంజినీరింగ్‌లో 85 శాతం తెచ్చుకున్న అమ్మాయికి ఇక్కడ 58 వస్తే తెలివి తగ్గిందని కాదు. ట్యూటర్ రాసిన వ్యాఖ్యలు పూర్తిగా చదివి, ఆఫీసు అవర్‌లో (విద్యార్థులను కలవడానికి ట్యూటర్ కేటాయించే సమయంలో) వెళ్లి 'ఈ పేరాలో విశ్లేషణ చాలదన్నారు, ఏం చేర్చి ఉండాల్సింది?' అని అడగండి. 'నాకు ఇంకా మార్కులు రావాలి' అన్న వాదన మాత్రం నిలవదు. ఎంత ఇవ్వాలన్న అధ్యాపకుల అంచనాను ఎవరూ మార్చరు. నిబంధనలు పాటించలేదని చూపిస్తేనే అప్పీలుకు బలం ఉంటుంది.

ఇంట్లో తాతయ్య పోయారని తెలిసి కూడా ఎవరికీ చెప్పకుండా అసైన్‌మెంట్ రాసి ఫెయిలైనవాళ్లు ఉన్నారు. దయచేసి అలా చేయకండి. జబ్బు చేసినా, ఇంట్లో కష్టం వచ్చినా గడువు పెంచమని దరఖాస్తు పెట్టుకునే పద్ధతి ప్రతిచోటా ఉంది. దాన్ని గడువు దాటకముందే, ఆధారంతో పెట్టాలి. పత్రం తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచేయండి. దరఖాస్తు రాయడంలో స్టూడెంట్స్ యూనియన్ (విద్యార్థి సంఘం) సలహా కేంద్రం ఉచితంగా సాయపడుతుంది, అది విశ్వవిద్యాలయ యాజమాన్యం కింద పనిచేయదు. వాట్సాప్ గ్రూపుల్లో డబ్బు తీసుకుని అసైన్‌మెంట్ రాసిపెడతామనేవాళ్ల జోలికి మాత్రం వెళ్లవద్దు. ఇంగ్లండ్‌లో ఆ వ్యాపారం 2022 నుంచి నేరం. డబ్బు తీసుకుని, ఆ తర్వాత విశ్వవిద్యాలయానికి చెబుతామని బెదిరించేవాళ్లూ ఉన్నారు.

హాజరు గురించి కఠినంగా ఉంటారు. విద్యార్థి వీసాకు స్పాన్సర్ విశ్వవిద్యాలయమే. మీరు తరగతులకు రావడం మానేస్తే బ్రిటన్ హోం శాఖకు తెలియజేయాల్సిన బాధ్యత దానిదే, లేకపోతే విదేశీ విద్యార్థులను చేర్చుకునే దాని లైసెన్సుకే ముప్పు. సెమిస్టరులో వారానికి 20 గంటలకు మించి ఉద్యోగం చేయకూడదు. డిసర్టేషన్ రాసే వేసవి సాధారణంగా సెలవుల కింద రాదు కాబట్టి అప్పుడూ ఆ పరిమితి ఉంటుంది, క్యాలెండర్ చూసుకోండి.

ఇవన్నీ చేసినా న్యాయం జరగకపోతే అధికారికంగా ఫిర్యాదు చేయండి. అంతర్గత ప్రక్రియ ముగిశాక విశ్వవిద్యాలయం 'కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్' లేఖ ఇస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో ఆ లేఖ తేదీ నుంచి 12 నెలల్లోగా విద్యార్థుల ఫిర్యాదులను విచారించే స్వతంత్ర సంస్థ ఆఫీస్ ఆఫ్ ది ఇండిపెండెంట్ అడ్జుడికేటర్‌ను ఆశ్రయించవచ్చు. విద్యార్థి ఒక్క పౌండూ కట్టనక్కర్లేదు. స్కాట్లాండ్‌లో ఆ పని పబ్లిక్ సర్వీసెస్ అంబుడ్స్‌మన్ చూస్తారు.

రెండో సెమిస్టరులో మాస్టర్స్ సర్వే లింకు మీ మెయిల్‌కు రావచ్చు. దాని ఫలితాలు మీ తర్వాతి బ్యాచ్‌కే పనికొస్తాయి, అయినా తొలగించకండి. చివర్లో సొంత మాటల్లో రాయడానికి ఖాళీ పెట్టె ఉంటుంది. ఏ మాడ్యూల్‌లో ఏం బాగుంది, ఏం మారాలి అన్నది అందులో రాయండి.