ముద్ద దిగేటప్పుడు రొమ్ములో మంటా? ముందు మాత్రల సంగతి చూడండి

సమస్య: నిన్న రాత్రి దాకా చేపల పులుసుతో సుష్టుగా భోంచేసిన మనిషికి, తెల్లవారేసరికి ఉమ్మి మింగినా రొమ్ము ఎముక వెనుక కోసినట్టు నొప్పి వస్తుంది. ఛాతీ నొప్పి కనుక ముందుగా ఈసీజీ తీయించాలన్నది అందరికీ తెలిసిందే. అది బాగుంటే వెంటనే గ్యాస్ అని తేల్చి మందు రాసేస్తారు. నేనూ అలాగే రాసి దెబ్బతిన్నాను.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంతల దగ్గర రాత్రి కాపలా ఉండే ఒక కుర్రవాడు నేనిచ్చిన గ్యాస్ మందు మూడు రోజులు వాడి, మంచినీళ్లు కూడా దిగని స్థితిలో తిరిగి వచ్చాడు. అప్పుడు గానీ అడగలేదు, "జ్వరానికి ఏమన్నా వేసుకుంటున్నావా అబ్బయా?" అని. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ క్యాప్సూల్ పడుకోబోయే ముందు గుక్కెడు నీళ్లతో వేసుకుంటున్నాడట. ఎక్కువ తాగితే రాత్రి లేవాల్సి వస్తుందని. ఎండోస్కోపీలో అన్నవాహిక మధ్య భాగంలో ఎదురెదురు గోడల మీద రెండు పుండ్లు కనిపించాయి; వాటికి పైనా కిందా గోడ లేత గులాబీ రంగులో శుభ్రంగా ఉంది.

కారణం: అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల కండరపు గొట్టం. అయితే అది నీళ్ల పైపులా ఎప్పుడూ తెరుచుకుని ఉండదు. ఖాళీగా ఉన్నప్పుడు గోడలు రెండూ అంటుకుని ఉంటాయి, మింగినప్పుడు మాత్రమే కండరాలు అలలా ముడుచుకుంటూ ముద్దను కిందికి తోస్తాయి. గుండె నుంచి వచ్చే పెద్ద ధమని పక్కనే వంపు తిరిగి ఒత్తే చోట గొట్టం కొంచెం ఇరుకు. నీళ్లు చాలకపోతే క్యాప్సూల్ పై పొర జిగురుగా మారి అక్కడే అంటుకుంటుంది. నిద్రలో మింగడమూ తక్కువే, లాలాజలమూ తక్కువే, పడుకుంటే బరువు కిందికి లాగదు. లోపలి మందు కరిగితే ఘాటైన ఆమ్లం. దాన్ని తట్టుకునే జిగట పొర జీర్ణాశయానికి ఉంది గానీ ఈ గోడకు లేదు. ఐరన్, పొటాషియం మాత్రలు, నొప్పులకు వేసుకునే ఐబుప్రోఫెన్, ఎముకల కోసం వాడే అలెండ్రోనేట్ కూడా ఇదే పని చేస్తాయి.

పరిష్కారం: మందు రాసిన వైద్యుణ్ణి అడిగి ఆ మాత్రను మార్పించుకోవాలి. నొప్పి తగ్గే దాకా కారాలు, వేడివేడి కాఫీ మాని, చల్లారిన గంజి, మజ్జిగన్నం తీసుకోవాలి. చాలామందికి వారం, పది రోజుల్లో నయమవుతుంది. ఇకపై ఏ మాత్రయినా నిండు గ్లాసు నీళ్లతో మింగి, కనీసం అరగంట నిటారుగా కూర్చోవాలి. రాత్రి మాత్రను భోజనం వేళకే జరుపుకోవచ్చేమో అడగాలి. ఇంతమాత్రం అడగకుండా వందల రూపాయల గ్యాస్ మందులు మింగి వచ్చేవారిని ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను.

మిగతావి క్లుప్తంగా. వంగినా, తిని పడుకున్నా పుల్లటి త్రేన్పులతో నెలల తరబడి మంట ఉంటే అది నిజంగా ఆమ్లం ఎగదన్నడమే. చేప ముల్లు గుచ్చుకుంటే ఉత్త అన్నం ముద్దలు మింగకండి, ముల్లు ఇంకా లోతుకు దిగుతుంది. ముందు అన్నం, తరువాత గంజి కూడా దిగకుండా బరువు తగ్గుతుంటే, అందులోనూ చుట్ట, బీడీ అలవాటున్నవారయితే, ఆలస్యం చేయక ఎండోస్కోపీ చేయించాలి. అన్నవాహిక కింది ద్వారం సరిగా తెరుచుకోక, మొదటి నుంచీ ముద్ద, నీళ్లు రెండూ ఆగిపోయే అకలేషియా అనే జబ్బు అరుదు. రక్తం వాంతయినా, ఉమ్మి కూడా దిగకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.