చేపల పులుసు తేడా కొడితే: లోపం ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

పులుసు కుదరకపోతే అందరం మసాలాను తిడతాం. తప్పు చాలాసార్లు అక్కడ ఉండదు. ముక్క ఎప్పుడు పడింది, ఎంతసేపు ఉడికింది, పడేముందు దాని నీళ్లు ఓడాయా లేదా అన్నది చూసుకోవాలి. పులుసు పూర్తిగా మరిగి సిద్ధమయ్యాకే ముక్క వేయాలి. రెండూ కలిసి మొదలైతే ఏదో ఒకటి చెడక తప్పదు.

కింద చెప్పేదంతా ఈ కొలత మీద: అంగుళం మందం ముక్కలు కిలో, మధ్యరకం ఉల్లిపాయలు నాలుగు, చింతపండు 60 గ్రాములు, నూనె 100 మిల్లీలీటర్లు, కారం మూడు చెంచాలు, నీళ్లు ముప్పావు లీటరు.

ముక్క విరిగిపోతోంది, ముల్లు వదిలేస్తోంది

ముందు చేపను అనుమానించాలి. ఫిషింగ్ హార్బర్‌లో అప్పుడే దిగిన వంజరాన్ని వేలితో నొక్కితే గుంట వెంటనే పైకి లేస్తుంది. గుంట అలాగే ఉండిపోతే, వాసన బాగున్నా సరే, అది పులుసులో నిలవదు. వేపుడు చేసుకోవడం నయం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరబోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజుల్లో పెద్ద సముద్రపు చేప కనిపిస్తే నిల్వ సరుకై ఉండే అవకాశమే ఎక్కువ. గడ్డకట్టినప్పుడు మంచు పలుకులు కండను లోపల చీలుస్తాయి. అలాంటి ముక్కను ఫ్రిజ్ కింది అరలో రాత్రంతా ఉంచి నెమ్మదిగా కరగనివ్వాలి. వేడినీళ్లలో వేస్తే పైన మెత్తబడుతుంది, లోపల గడ్డగానే ఉంటుంది.

చేప తాజాదే అయినా విరుగుతోందంటే నిమ్మరసం పట్టించి ఎక్కువసేపు వదిలేశారేమో చూడండి. పావుగంట దాటితే పులుపుకి పైకండ తెల్లబడి పొడిపొడిగా రాలుతుంది.

మిగిలిన కారణం గరిటె. ముక్కలు పడ్డాక గరిటె పెట్టనే కూడదు. వెడల్పాటి గిన్నెలో ఒక్క వరుసగా పేర్చి, రెండు పక్కలా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. లోతు గిన్నెలో ఒకదానిమీద ఒకటి వేస్తే కిందిది నలిగిపోతుంది, పైది ఉడకదు.

వంజరం, పండుగప్ప ముక్కలకు 8 నుంచి 10 నిమిషాలు చాలు. చందువాకు 6, 7. నెత్తళ్లు, కవ్వళ్లు 5 నిమిషాల్లో అయిపోతాయి. వెన్నుముల్లు పక్కన కండ గాజులా మెరవడం మాని తెల్లబడితే ఉడికినట్టే. మట్టిదాకలో వండుతుంటే రెండు నిమిషాల ముందే పొయ్యి కట్టేయాలి. దించాక కూడా దాక కాసేపు కుతకుతలాడుతూనే ఉంటుంది.

నీచు వాసన పోవడం లేదు

సముద్రపు చేప కండలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ ఉంటుంది. చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. ముక్కుకి తగిలే నీచు అదే. పులుపు దాన్ని గాల్లోకి లేవకుండా పట్టి ఉంచుతుంది.

వాసన దాక్కునే చోట్లు మూడు: వెన్నుముల్లు వెంట గడ్డకట్టిన రక్తం, పొట్టలోపలి నల్లపొర, తలకాయలో మిగిలిపోయిన మొప్పలు. కోసి ఇచ్చినవాళ్లు శుభ్రం చేశారులే అనుకోవద్దు. బొటనవేలి గోరుతో వెన్ను వెంట గీరితే ఎంత నెత్తురు వస్తుందో మీకే తెలుస్తుంది. కళ్లుప్పు, పసుపు వేసి రుద్ది, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, జల్లెడలో పది నిమిషాలు ఓడ్చాలి. ఓడ్చకుండా వేస్తే ఆ కడుగునీళ్లే పులుసులో కలుస్తాయి.

శీలావతి, బొచ్చె లాంటి చెరువు చేపల్లో వచ్చేది నీచు కాదు, బురద వాసన. దానికి పలుచటి చింతపండు నీళ్లలోనో మజ్జిగలోనో పది నిమిషాలు నానబెట్టి కడగాలి.

అమోనియాలా ముక్కు ఘాటెక్కితే మాత్రం ఏ మసాలా ఎక్కించినా లాభం లేదు, పారేయండి. కానాగంతలు, సూరచేప ఎండలో ఎక్కువసేపు ఉంటే హిస్టమిన్ అనే, ఒంటికి పడని పదార్థం తయారవుతుంది. అది ఉడికించినా పోదు. తింటుంటే నాలుక చురుక్కుమన్నా, ముఖం ఎర్రబడినా కంచం పక్కన పెట్టేయాలి. దద్దుర్లు వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

చేదుగా ఉంది

ఒకటి రెండు ముక్కలే చేదైతే కోసేటప్పుడు కాలేయం పక్కనుండే ఆకుపచ్చ చేదు సంచి చిట్లిందన్నమాట. ఆ మరక కడిగితే పూర్తిగా పోదు, వండకముందే అంతమేర కోసి పారేయాలి. పులుసంతా చేదైతే మెంతులు మాడాయి. అర చెంచా మించొద్దు, గోధుమరంగు తిరగగానే ఉల్లిపాయ వేసేయాలి. మాడిన చేదుకి చిన్న బెల్లం ముక్క కొంత సర్దుతుంది, మొత్తంగా తీసేయలేదు.

పులుపు ఎక్కువైంది

కొందరు వంటసోడా చిటికెడు వేస్తారు. వేయొద్దు. సోడా పులుపుని విరిచేసరికి, ఆ పులుపు పట్టి ఉంచిన నీచు మళ్లీ పైకి లేస్తుంది. వేయించి రుబ్బిన ఉల్లిపాయ ముద్ద రెండు గరిటెలు, కప్పు వేడినీళ్లు, సుపారీ అంత అనకాపల్లి బెల్లం కలపండి. ముక్కలు అప్పటికే పడిపోయి ఉంటే వెడల్పాటి అట్లకాడతో పళ్లెంలోకి తీసి, పులుసుని విడిగా మరిగించి, మళ్లీ పేర్చాలి. పులుసు నీళ్లలా ఉన్నా ముక్కలు తీసి ఇలాగే విడిగా మరిగించాలి, నీళ్లు మాత్రం కలపొద్దు. శనగపిండి కలిపితే చిక్కబడుతుంది కానీ మజ్జిగపులుసు రుచి వస్తుంది.

వేసవిలో నెత్తళ్లలో మామిడికాయ వేస్తే చింతపండు సగానికి తగ్గించాలి. కాయ పులుపు ఉడికాకే బయటపడుతుంది, కాబట్టి ముందు మామిడి ముక్కలు మెత్తబడ్డాక రుచి చూసి, ఆ తర్వాతే చింతపండు రసం పోయాలి.

నూనె తేలలేదు, కారం పచ్చివాసన

ఉల్లిపాయ వేగకముందే రసం పోశారు. ఉల్లిపాయ బంగారురంగుకి వచ్చాక కారం వేసి, సన్నసెగన నిమిషం తిప్పి, రసం పోసి కనీసం పావుగంట మరగనివ్వాలి. అంచుల్లో ఎర్రటి నూనె కనిపించేదాకా ముక్క ముట్టుకోవద్దు.

మర్నాటికి పాడైంది

మన ఉక్కపోతలో రాత్రంతా పొయ్యి పక్కన ఉంచితే నురుగు కడుతుంది. వండిన రెండు గంటల్లోపు స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. అల్యూమినియంలో పులుపు నిల్వ ఉంచొద్దు. మర్నాడు తినేటంత మాత్రమే బయటికి తీసి మరిగించాలి. గిన్నె మొత్తం మళ్లీ మళ్లీ వేడిచేస్తే మొదట విరగని ముక్క కూడా అప్పుడు విరుగుతుంది.