నల్గొండ నుంచి న్యూయార్క్ దాకా: ప్రయాణం టైం లెక్క ఎలా వేసుకోవాలి?

టికెట్ చేతికి రాగానే అందరూ అడిగేది ఒకటే: ఎన్ని గంటల ఫ్లైట్? నల్గొండ, పాలమూరు వైపు నుంచి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు ఆ లెక్క సరిపోదు. ఇక్కడ గడప దాటినప్పటి నుంచి అక్కడి గడప తొక్కేదాకా లెక్క వేసుకోవాలి. అప్పుడే నిద్ర, తిండి, మందులు, మధ్యలో విమానం మారడం అన్నీ ఒక దారిన పడతాయి.

ముందు తారీఖు సరిచూసుకోండి

శంషాబాద్ నుంచి యూరప్, గల్ఫ్ వైపు వెళ్లే విమానాల్లో చాలా వాటికి టైం అర్ధరాత్రి దాటాకే ఉంటుంది. మన లెక్కలో తెల్లారేదాకా అదే రాత్రి. టికెట్ మీద మాత్రం 12 దాటితే తారీఖు మారిపోతుంది. జూన్ 15, 02:50 అని ఉంటే 14 సాయంత్రమే ఇల్లు వదలాలి. 15 రాత్రి పెట్టెలు పట్టుకుని వెళ్తే, విమానం పోయి దాదాపు ఒక రోజు అయి ఉంటుంది. టికెట్ బుక్ చేసిన పిల్లలు ఫోన్‌లో ఈ మాట విడమరిచి చెప్పాలి: “బాపూ, టికెట్ల పదిహేను అని ఉన్నా, పద్నాలుగు రాత్రికే ఎయిర్‌పోర్టుల ఉండాలె.” అమ్మ చేత క్యాలెండర్‌లో 14వ గడిలో రాయించండి. కారు మాట్లాడినప్పుడు డ్రైవర్‌కూ అదే తారీఖు చెప్పండి.

విమానం టైం నుంచి వెనక్కి లెక్కపెట్టండి

02:50 విమానానికి రాత్రి 11 కల్లా ఎయిర్‌పోర్టులో ఉంటే నిమ్మళంగా ఉంటుంది. సామాను ఇవ్వడం, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ, మూడు చోట్లా లైన్లే. చాలా సంస్థలు విమానానికి గంట ముందే కౌంటర్ మూసేస్తాయి. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వచ్చి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే హయత్‌నగర్, ఎల్బీనగర్ ట్రాఫిక్ తగలదు. మామూలు రోజుల్లో రెండు, రెండున్నర గంటలు. అయినా 8 గంటలకే కదలండి. సంక్రాంతి రోజుల్లో పంతంగి టోల్‌గేట్ దగ్గర బండ్లు ఎలా ఆగిపోతాయో మన జిల్లా వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అప్పుడైతే ఇంకో రెండు గంటలు కలుపుకోండి. మహబూబ్‌నగర్ వాళ్లకు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 44వ జాతీయ రహదారి నేరుగా శంషాబాద్‌కే తెస్తుంది.

మంచి టైం చూసుకుని కదిలే అలవాటు ఉన్నవాళ్లు, అది మధ్యాహ్నమే ఉంటే అప్పుడే బయల్దేరి హైదరాబాద్‌లో చుట్టాలింట్లో నడుం వాల్చండి. మంచి ఘడియ కోసం ఆగి ఆలస్యం చేసుకోవద్దు.

అంతా ఒకే గడియారంలో రాసుకోండి

టికెట్ మీద ప్రతి టైం ఏ ఊరిది ఆ ఊరిదే. అందుకే మోసపోతాం. ఒక ఉదాహరణ తీసుకుందాం. 15న 02:50కి శంషాబాద్‌లో ఎక్కి, తొమ్మిదిన్నర గంటల్లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగారు. అక్కడ ఉదయం 8:50. మన టైం మధ్యాహ్నం 12:20. నాలుగు గంటలు ఆగి, ఎనిమిదిన్నర గంటలు అట్లాంటిక్ మీదుగా ఎగిరి న్యూయార్క్ చేరితే అక్కడ అదే 15, మధ్యాహ్నం 3:20. టికెట్ చూస్తే పన్నెండున్నర గంటల ప్రయాణంలా ఉంటుంది. మన గడియారంలో మాత్రం 16 అర్ధరాత్రి దాటి 12:50 అయింది. అంటే ఎక్కినప్పటి నుంచి 22 గంటలు. నల్గొండ నుంచి బయల్దేరింది, దిగాక ఇమిగ్రేషన్‌కు, సామానుకు పట్టే రెండు గంటలు కలిపితే 31 గంటల దాకా వస్తుంది. బీపీ, షుగర్ ఉన్న ఒంటికి తెలిసేది ఈ 31 గంటలే.

న్యూయార్క్ మనకంటే ఎండాకాలం తొమ్మిదిన్నర, చలికాలం పదిన్నర గంటలు వెనక. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి జరుపుతారు.

మాత్రలకు మాత్రం ఈ లెక్క చాలదు. డాక్టర్ దగ్గరికి ముందే వెళ్లి, ఏ మాత్ర మన టైం ప్రకారం ఎప్పుడు వేసుకోవాలో కాగితం మీద రాయించుకోండి. మందులు, ఇన్సులిన్, డాక్టర్ చీటీ చేతి బ్యాగులోనే పెట్టుకోండి.

విమానం మారే చోట గీచి గీచి టైం పెట్టుకోవద్దు

గంటన్నర వ్యవధి ఉన్న టికెట్ చవకగా దొరికినా, మొదటిసారి వెళ్లే పెద్దవాళ్లకు అది టెన్షన్. మూడు నాలుగు గంటలు ఉండాలి. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే, మొదటి విమానం లేటై రెండోది తప్పిపోయినా వేరే దాంట్లో పంపే బాధ్యత సంస్థదే. వీల్‌చెయిర్ కావాలంటే బుకింగ్ అప్పుడే చెప్పండి. నడవలేక కాదు, దారి వెతుక్కునే పని తప్పుతుంది.

న్యూయార్క్‌లో దిగి డాలస్‌కు ఇంకో విమానం ఎక్కాలంటే, మామూలుగా ఇమిగ్రేషన్ మొదట దిగిన ఊళ్లోనే. పెట్టెలు అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ ఇవ్వాలి. దానికి కనీసం మూడు గంటలు చూసుకోండి. మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు, పండ్లు పెట్టుకుంటే ఆ టైం కాస్తా కస్టమ్స్ దగ్గరే పోతుంది.

అట్లాంటిక్ మీద గంటలు ఎలా గడపాలి?

పగటిపూట పడమటికి ఎగురుతుంటే కిటికీలో పొద్దు వాలదు. మన శరీరానికి అది సాయంత్రం 4:20 నుంచి అర్ధరాత్రి దాకా. అసలు నిద్ర మొదటి విమానంలోనే పోవాలి, శంషాబాద్‌లో ఎక్కేది నిద్ర వేళకే కాబట్టి. అట్లాంటిక్ మీద భోజనం అయ్యాక గంట కునుకు చాలు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకో రెండు గంటలకో లేచి నడవండి. మడమలు ఎత్తి దించండి. కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది. మాటిమాటికీ లేవాల్సి వస్తుందని నీళ్లు మానేయకండి, నడవ పక్క సీటు ముందే అడగండి. దిగాక అక్కడి రాత్రి 8, 9 దాకా ఎలాగైనా మేలుకుని ఉండండి.

తిరుగు ప్రయాణంలో పడమటి గాలులు వెనక నుంచి తోస్తాయి కాబట్టి అట్లాంటిక్ దాటడానికి తక్కువ సేపు పడుతుంది. దాంతో రాత్రి కురచైపోతుంది. న్యూయార్క్ ఎయిర్‌పోర్టులోనే తినేసి, ఎక్కగానే భోజనం వద్దని చెప్పి పడుకోండి. తూర్పుకు వచ్చినప్పుడు ఒళ్లు సర్దుకోవడం ఇంకా కష్టం. ఊరికి వచ్చాక మూడు నాలుగు రోజులు పెళ్లిళ్లు, పేరంటాలు పెట్టుకోకండి. ఆ రోజుల్లో కారూ, బైకూ వేరేవాళ్లనే నడపనివ్వండి.