వెనక సస్పెన్షన్ ఆర్మ్ బేరింగులు మార్చే ముందు ఇవి చూసుకోండి

పాత ప్యూజో 205, 306 లాంటి కార్లలో వెనక ట్రెయిలింగ్ ఆర్మ్‌లు (వెనక చక్రాలని పట్టుకుని పైకీ కిందకీ కదిలే చేతులు) నీడిల్ బేరింగుల మీద, అంటే సూదుల్లాంటి సన్నటి రోలర్లున్న బేరింగుల మీద తిరుగుతాయి. వెనక చక్రాల పైభాగం లోపలికి వాలిందంటే ఆ బేరింగులు అరిగాయనే అనుమానించాలి.

ముందు షాఫ్ట్ (ఆర్మ్ తిరిగే ఇరుసు) చూడండి. సూదులు ఆనే చోట గుంటలు పడినా, గోరుకి గీత తగిలినా షాఫ్ట్ కూడా మార్చాల్సిందే, లేదంటే కొత్త బేరింగులు దాని మీద త్వరగానే పాడై ఇంత పనీ మళ్ళీ మొదటికొస్తుంది.

టార్షన్ బార్ (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) లాగేముందు బార్‌కీ ఆర్మ్‌కీ ఎదురెదురుగా గుర్తులు పెట్టండి, ఎడమ కుడి కలిసిపోనివ్వొద్దు. బార్ కొనన ఉండే పళ్ళలో ఒక్క పన్ను తేడా వచ్చినా కారు ఒక పక్కకి ఒరుగుతుంది.

ఆర్మ్ బరువు బ్రేక్ హోస్ మీద వేలాడకూడదు.

కొత్త బేరింగుని సుత్తితో కొట్టి దించొద్దు, దాని పల్చటి గుల్ల వంకరపోతుంది. ప్రెస్‌తో, పాత బేరింగ్ ఉన్న లోతు ముందే కొలుచుకుని నొక్కండి.

సీళ్ళు కొత్తవే వేయండి, నీళ్ళు లోపలికొచ్చేది అక్కడినుంచే.

పాత గ్రీజు పూర్తిగా కడిగేయండి, రెండు రకాలు కలిస్తే పల్చబడి కారిపోవచ్చు. గ్రీజు నిపుల్ (బయటినుంచి గ్రీజు ఎక్కించే చిన్న మూతి) పెట్టించుకోవడం మంచిదే, కానీ గుంటలు పడ్డ షాఫ్ట్‌ని అది బాగుచేయదు.