కుక్కకు ఏం జబ్బో ఎవరూ చెప్పలేకపోతున్నప్పుడు ఏం చేయాలి?

రక్తపరీక్ష నార్మల్, ఎక్స్‌రే నార్మల్, స్కానింగ్‌లో కూడా ఏమీ లేదన్నారు, కానీ కుక్క మాత్రం కొన్ని రోజులు బాగుండి మళ్ళీ తిండి మానేసి ఓ మూలకు వెళ్ళి పడుకుంటోంది. మీరు ఇలాంటి పరిస్థితిలో ఉంటే ఇది మీ కోసమే. జబ్బుకు పేరు పెట్టడం వెటర్నరీ డాక్టరు పనే, కాకపోతే ఆ పేరు దొరకడానికి కావలసిన ఆధారాలు చాలావరకు ఇంట్లో మీ కళ్ళముందే కనబడతాయి. క్లినిక్‌లో ఉన్న ఆ కాసేపు భయంతోనో హుషారుతోనో కుక్క తన నీరసాన్ని దాచేస్తుంది, డాక్టరుకు దాని అసలు రోజు ఎలా గడుస్తుందో కనిపించదు. ఆ రోజును మీరే క్లినిక్‌కు మోసుకెళ్ళాలి.

ముందు ఒక మాట: వేచి చూడకూడనివి

వీటిలో ఏది కనిపించినా నోట్సు, ఆలోచన అన్నీ పక్కన పెట్టి వెంటనే బయలుదేరండి. పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఊరికే ఓకరిస్తుంటే అది కడుపు మెలిపడటం కావచ్చు, కొన్ని గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. చిగుళ్ళు తెల్లగానో నీలంగానో మారడం, పడుకుని ఉన్నా ఊపిరి కష్టంగా తీయడం, ఫిట్స్ 5 నిమిషాలు దాటడం లేదా 24 గంటల్లో రెండుసార్లు రావడం, మూత్రం కోసం ముక్కుతున్నా చుక్క రాకపోవడం, ఉన్నట్టుండి కుప్పకూలడం కూడా అంతే. రాత్రిపూట తెరిచి ఉండే ఆసుపత్రి నంబరు ఇప్పుడే కనుక్కుని ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టించండి.

రోజూ రాయండి, కానీ కొలిచి రాయండి

"డల్‌గా ఉంది" అని రాస్తే డాక్టరుకు పెద్దగా ఉపయోగం లేదు. పెట్టినదాంట్లో ఎంత తిన్నది, ఎన్నిసార్లు నీళ్ళు తాగింది, మెట్లెక్కిందా, పిలిస్తే లేచిందా అని రాస్తే ఉపయోగం. కొన్ని అంకెలు మాత్రం తప్పకుండా కావాలి.

డిజిటల్ థర్మామీటర్ కొనకు కాస్త వాసెలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూడాలి, కుక్కలకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. మనకు 101 అంటే జ్వరం కాబట్టి చాలామంది ఇక్కడ అనవసరంగా కంగారు పడతారు. 103 దాటితే డాక్టరుకు ఫోన్ చేయండి. గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఎన్నిసార్లు పైకి లేచి దిగుతోందో ఒక నిమిషం లెక్కపెట్టండి, మామూలుగా 30 లోపే ఉంటుంది, రోజు రోజుకూ పెరుగుతూ 30 దాటుతుంటే గుండె, ఊపిరితిత్తుల వైపు చూడాలి. చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు 2 సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకు రావాలి (చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటే కింది కనురెప్ప లోపలి రంగు చూడండి). వారానికోసారి బరువు చూడండి, ఎప్పుడూ అదే మెషీన్ మీద, కుక్కను ఎత్తుకుని నిలబడి మీ బరువు తీసేసినా సరిపోతుంది.

వాంతి విషయంలో మరో తేడా గమనించాలి. పొట్ట కండరాలు బిగించి, ఓకరించి, కష్టపడి కక్కుతోందా, లేక ఏ శ్రమా లేకుండా తిన్నది తిన్నట్టు నోట్లోంచి జారిపోతోందా? మొదటిది కడుపు సంగతి, రెండోది అన్నవాహిక సంగతి, రెండింటికీ చేసే పరీక్షలే వేరు. అలాగే మలం తారులా నల్లగా ఉంటే పై భాగంలో, అంటే కడుపులోనో చిన్నపేగులోనో రక్తం పోతున్నట్టు అనుమానించాలి, ఎర్రటి రక్తం కనబడితే కింది భాగం. ఫోటో తీయడానికి మొహమాటపడకండి, డాక్టర్లకు ఇవి అలవాటే.

వింతగా ఏది చేసినా వీడియో తీయండి. వణుకు, తూలడం, దగ్గు లాంటి శబ్దం, క్షణం సేపు పడిపోయి లేవడం, ఇవి క్లినిక్‌లో అడిగి చేయించగలిగేవి కావు. గుండె వల్ల స్పృహ తప్పడం, ఫిట్స్ మాటల్లో చెబితే ఒకేలా వినిపిస్తాయి, వీడియోలో తేడా తెలుస్తుంది.

చివరగా, ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో కూడా ఒక ముక్క రాయండి, చుట్టాలొచ్చారా, ప్రయాణం చేశారా, టపాసులు పేలాయా. దీని అవసరం కింద చెబుతాను.

"నార్మల్" అన్న మాటను ఎలా అర్థం చేసుకోవాలి

చాలామంది ఆశ వదిలేసుకునేది ఇక్కడే. పరీక్షలో రాలేదంటే జబ్బు లేదని కాదు, ఆ రోజు ఆ పరీక్షకు దొరకలేదని. గియార్డియా అనే పరాన్నజీవి మలంలో రోజూ కనిపించదు, అందుకే వేర్వేరు రోజుల్లో మూడు శాంపిళ్ళు అడుగుతారు. పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా అయితే కుట్టిన నెలల తర్వాత కూడా బయటపడవచ్చు, ఒంటి మీద ఒక్క పిడుదూ లేదని దాన్ని కొట్టేయకూడదు. ప్లేట్‌లెట్లు తగ్గడం, ముక్కులోంచి రక్తం, వచ్చిపోయే జ్వరం ఉంటే ఆ ప్రశ్న మీరే ఎత్తండి.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది అడిసన్స్ జబ్బు. అడ్రినల్ గ్రంథులు కావలసిన హార్మోన్లు తయారు చేయకపోవడం వల్ల వస్తుంది. కొన్నాళ్ళు వాంతులు, నీరసం, సెలైన్ ఎక్కించగానే మాయం, అందరూ కడుపు పాడైందనుకుంటారు, మళ్ళీ ఏదో ఒత్తిడి రాగానే తిరగబెడుతుంది. ఇంట్లో ఏం జరిగిందో రాయమన్నది ఇందుకే. సోడియం, పొటాషియం మామూలుగా ఉండి కూడా ఈ జబ్బు ఉండే కుక్కలున్నాయి. ఆ హార్మోన్లలో ఒకటైన కార్టిసాల్‌ను రక్తంలో ఒక్కసారి చూస్తే, అది 2 మైక్రోగ్రాములు (డెసీలీటరుకు) పైన ఉంటే అడిసన్స్ దాదాపు లేనట్టే, తక్కువ వస్తే ఏసీటీహెచ్ స్టిమ్యులేషన్ పరీక్షతో (అడ్రినల్ గ్రంథులను ప్రేరేపించే ఇంజెక్షన్ ఇచ్చి కార్టిసాల్ పెరుగుతుందో లేదో చూసేది) తేల్చుకోవాలి. కారణం దొరకని జ్వరంలో ఇంకో అనుమానం కీళ్ళది. రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ళ మీదే దాడి చేసే జబ్బులో బయటికి వాపు కనిపించకపోవచ్చు, కీలులోంచి ద్రవం తీసి చూస్తేనే తెలుస్తుంది.

అందుకే రిపోర్టుల కాపీలు మొత్తం, అంకెలతో సహా, మీ దగ్గర తేదీల వరుసలో ఉంచుకోండి. ఒక్కో రిపోర్టు విడిగా నార్మలే అయినా, అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రొటీన్) నెలనెలా కొంచెం కొంచెం దిగుతూ వస్తోందంటే అది చెప్పుకోవాల్సిన విషయమే.

డాక్టరును ఏం అడగాలి

మీ నోట్సులోంచి ఒకే పేజీ తయారు చేసి ఇవ్వండి: ఎప్పుడు మొదలైంది, ఎలా మారింది, ఏ మందుకు ఏమైంది. తర్వాత సూటిగా అడగండి. "మీ అనుమానంలో ముందున్న జబ్బులేవి? ఈ పరీక్ష చేస్తే వైద్యంలో ఏం మారుతుంది?" రెండో ప్రశ్నకు సరైన జవాబు లేని పరీక్షను కొంతకాలం ఆపుకోవచ్చని నా అభిప్రాయం, ముఖ్యంగా మత్తు ఇవ్వాల్సినవి. దారి మూసుకుపోయినట్టు అనిపిస్తే స్పెషలిస్టు దగ్గరికి రాసిమ్మని అడగండి, మంచి డాక్టరు దానికి బాధపడరు.

మందుల దగ్గర మొండిగా ఉండండి

మనుషుల మాత్రలు వద్దు. ఇబుప్రోఫెన్ కుక్కల కడుపులో పుళ్ళు పుట్టించి కిడ్నీలు పాడు చేస్తుంది, పారాసిటమాల్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. స్టెరాయిడ్‌తో కుక్క ఒక్కరోజులో లేచి తిరగవచ్చు, అందుకే దాన్ని చూసి మురిసిపోతాం, కానీ పరీక్షలకు ముందే ఇస్తే లింఫోమా లాంటి క్యాన్సరు బయాప్సీలో దొరకకుండా పోవచ్చు, కార్టిసాల్ పరీక్ష కూడా తప్పుదారి పడుతుంది. స్టెరాయిడ్, నొప్పి మాత్ర కలిపి ఇవ్వడం ఇంకా ప్రమాదం. ఇంతకుముందు ఏ ఇంజెక్షన్ వేశారో తెలియకపోతే ఆ క్లినిక్‌కు ఫోన్ చేసి పేరు కనుక్కోండి. మీరు వాడిన మూలికలు, సప్లిమెంట్లు కూడా దాచకుండా చెప్పాలి.

ఒకసారికి ఒకే మార్పు చేయండి. తిండి, మందు, షాంపూ ఒకే వారంలో మారిస్తే దేనివల్ల తగ్గిందో ఎప్పటికీ తెలియదు. ఆహారం పడటం లేదేమోనని డాక్టరు డైట్ ట్రయల్ (ఆయన చెప్పిన తిండి ఒక్కటే పెట్టి చూడటం) పెడితే, చర్మం కోసమైతే 8 వారాలు పడుతుంది, ఆ కాలంలో ఎవరో ప్రేమతో పెట్టే ఒక్క బిస్కెట్టూ దాన్ని పాడుచేస్తుంది, ఇంట్లో అందరికీ ఇది ముందే చెప్పాలి.

పేరు దొరికేదాకా దాన్ని సుఖంగా ఉంచడం

ఇది ఆగాల్సిన పని కాదు. వికారానికి, నొప్పికి డాక్టరు రాసే మందులు అసలు కారణం తెలియకపోయినా పని చేస్తాయి, వాటిని అడిగి తీసుకోండి. తిండిని గోరువెచ్చగా చేస్తే వాసన పెరిగి ఒక్కోసారి తింటుంది. బలవంతంగా నోట్లో కుక్కకండి, వికారం ఉన్నప్పుడు అలా చేస్తే ఆ తిండి మీదే విరక్తి పుడుతుంది. నున్నటి నేల మీద కాళ్ళు జారకుండా ఏదైనా పరచండి.

మీకూ టెన్షన్ తక్కువేం ఉండదు. రాత్రి కాపలా ఇంట్లోవాళ్ళు వంతులు వేసుకోండి, ఖర్చు ఎంతవరకు భరించగలరో కలిసి కూర్చుని మాట్లాడుకుని అది డాక్టరుకు ముందే చెప్పండి. అది తెలిస్తే ఆయన పరీక్షలను ఆ లెక్కలో వరుసగా పెడతారు. డబ్బు గురించి మాట్లాడినంత మాత్రాన ప్రేమ తక్కువైనట్టు కాదు.

క్యాలెండరు మీద మంచి రోజుకు ఒక గుర్తు, చెడ్డ రోజుకు ఇంకో గుర్తు పెట్టండి. క్యాన్సర్ వైద్యం చేసే అలిస్ విల్లలోబోస్ అనే వెటర్నరీ డాక్టరు తయారు చేసిన కొలమానం ఒకటుంది: నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువుండటం, ఈ ఏడింటికీ 10కి ఇన్ని అని (ఎంత బాగుంటే అంత ఎక్కువ, నొప్పి తక్కువైతే ఎక్కువ మార్కులు) వేసుకోవాలి, మొత్తం 35 దాటితే జీవితం పర్వాలేదని లెక్క. ఇంట్లో ఇద్దరు విడివిడిగా మార్కులు వేసి తర్వాత పోల్చుకోండి. అంకె వారం వారం పడిపోతుంటే, ఇంకో పరీక్ష గురించి కాక, ఇక దాన్ని ఎంతవరకు బాధపెట్టాలన్న దాని గురించి డాక్టరుతో మాట్లాడాల్సిన సమయం వచ్చినట్టే, ఆ మాట మీరే ముందు మొదలుపెట్టండి.