స్కాలర్‌షిప్ ఫీజును మించినా ఎడ్యుకేషన్ క్రెడిట్ వచ్చింది: నా అనుభవం

అమెరికాలో పిల్లల్ని కాలేజీలో చదివిస్తున్నవాళ్లు తరచూ అడిగే సమస్యే ఇది. మా అమ్మాయికి కాలేజీ ఇచ్చిన 1098-టి ఫారంలో (ఫీజు, స్కాలర్‌షిప్ వివరాల పత్రం) బాక్స్ 5లోని స్కాలర్‌షిప్ మొత్తం, బాక్స్ 1లోని ఫీజు కంటే ఎక్కువ. దాంతో ట్యాక్స్ సాఫ్ట్‌వేర్ అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ (కాలేజీ ఖర్చులకు పన్నులో ఇచ్చే తగ్గింపు) సున్నా అని చూపించింది.

సాఫ్ట్‌వేర్ మార్చాం, ఫారం సరిచేయమని కాలేజీని అడిగాం, పుస్తకాల రసీదులు కలిపాం, లాభం లేకపోయింది.

దారి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) పబ్లికేషన్ 970లో దొరికింది. ముందుగా స్కాలర్‌షిప్ లెటర్‌లోని షరతులు చదివాను. ట్యూషన్‌కే వాడాలన్న నిబంధన లేదు, వసతి, భోజనాలకూ వాడుకోవచ్చు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఫీజుకు మించిన స్కాలర్‌షిప్ ఎలాగూ ఆదాయమే. దానికి తోడు ఇంకో 4,000 డాలర్లు కూడా వసతి ఖర్చుకే పోయినట్టు లెక్కగట్టి, మొత్తాన్ని అమ్మాయి రిటర్నులో షెడ్యూల్ 1, లైన్ 8ఆర్‌లో ఆదాయంగా చూపించాం. అలా 4,000 డాలర్ల ఫీజు స్కాలర్‌షిప్ నుంచి కాకుండా మేం కట్టినట్టయింది. తర్వాత మా రిటర్నులో ఈ క్రెడిట్ కోరే ఫారం 8863 నింపాం. మొదటి 2,000కి పూర్తిగా, తర్వాతి 2,000కి 25 శాతం, వెరసి 2,500 డాలర్ల క్రెడిట్! తన ఆదాయమంతా స్టాండర్డ్ డిడక్షన్‌లోనే (పన్ను లెక్కలో ముందే మినహాయించే మొత్తం) ఇమిడిపోయింది కాబట్టి ఫెడరల్ పన్ను పడలేదు.

అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పలేను. స్కాలర్‌షిప్ ట్యూషన్‌కే పరిమితమైతే ఇది చెల్లదు. దంపతుల ఉమ్మడి ఆదాయం 1,60,000 డాలర్లు దాటితే క్రెడిట్ తగ్గుతూ 1,80,000 దగ్గర ఆగిపోతుంది. పిల్లలకు వేరే ఆదాయం ఉంటే కిడ్డీ ట్యాక్స్ (పిల్లల జీతమేతర ఆదాయంపై తల్లిదండ్రుల రేటుతో పడే పన్ను), స్టేట్ ట్యాక్స్ కూడా లెక్కేసుకోండి. రెండు రిటర్నులూ పక్కపక్కన పెట్టుకుని చూశాకే ఫైల్ చేయండి.