జింక్ వేయకముందే గెంతిన కరెంట్

స్టాఫిలోకాకస్ ఆరియస్ బాక్టీరియా విడుదల చేసే ఆల్ఫా హీమోలైసిన్ అనే విష ప్రోటీన్‌లో ఏడు ఉపభాగాలు కలిసి కణపు పొరలో రంధ్రంగా ఏర్పడతాయి. వాటిలో ఒక్కదాంట్లో, రంధ్రం లోపలి గోడవైపు హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు నాలుగు పెడితే జింక్‌ను పట్టుకుంటుందని హేగన్ బేలీ బృందం 1997లో చూపించింది. జింక్ అంటుకుంటే రంధ్రం గుండా పోయే అయాన్ల కరెంట్ కాస్త తగ్గుతుంది, వదిలితే మళ్లీ పైకి వస్తుంది.

నా రికార్డింగ్‌లో మాత్రం జింక్ వేయకముందే ఈ గెంతులు మొదలయ్యాయి. ఒకటే టెన్షన్. కరెంటు లైన్ల నాయిస్ అనుకుందామంటే అది 50 హెర్ట్జ్ అలలా ఉంటుంది; ఇవేమో మెట్లలా, ప్రతిసారీ ఒకే లోతుకు దిగుతున్నాయి. హిస్టిడిన్లు లేని మామూలు రంధ్రం పెట్టి చూశాను, గీత తిన్నగా ఉంది. సరే అని హిస్టిడిన్ల రంధ్రానికి తిరిగొచ్చి, ట్రాన్స్ వైపు గదిలో, అంటే ప్రోటీన్ వేసిన వైపు కాక పొర అవతలి గదిలో, లోహాలను పట్టేసే ఈడీటీఏ 100 మైక్రోమోలార్ వేశాను. గెంతులు ఆగిపోయాయి. జింకో, అలాంటి మరో లోహమో ముందే బఫర్‌లో, అంటే పీహెచ్ నిలకడగా ఉంచే ద్రావణంలో, ఉందన్నమాట! వాడేది ఒక మోలార్ ఉప్పు కదా, అందులో ఇసుమంత మలినమున్నా చాలు.

ఈడీటీఏను అలాగే ఉంచితే తర్వాత వేసే జింక్‌నూ మింగేస్తుంది. అందుకే బఫర్‌ను లోహాలను లాగేసే కెలెక్స్ రెజిన్ మీదుగా పంపి, యాసిడ్‌తో కడిగిన ప్లాస్టిక్ సీసాలో పోసి పెట్టాను. పీహెచ్ మాత్రం మళ్లీ 7.5కి సరిచేసుకోవాలి, కెలెక్స్ దాన్ని పైకి తోస్తుంది.